ఫీనిక్స్ సన్స్: బంతి ఎవరి చేతిలో పెట్టాలి?



అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి రాజధాని ఫీనిక్స్. ఎడారి నడుమ పెరిగిన మహానగరం. అక్కడి వేసవి చూసినవాళ్లకు మన రెంటచింతల, రామగుండం ఎండలు కూడా ఫరవాలేదనిపిస్తాయి. దాని పక్కనే ఉన్న చాండ్లర్ లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. ఆ నగరానికి ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. పేరు ఫీనిక్స్ సన్స్. పుట్టింది 1968లో. అక్కడ రాత్రి ఏడింటికి మ్యాచ్ మొదలైతే మనకిక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. కాఫీ తాగుతూ ఆ మ్యాచ్‌లు చూసేవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

ఆ జట్టు అభిమానుల మధ్య ఏళ్ల తరబడి తెగని వాదం ఒకటుంది. సన్స్ చరిత్రలో అందరికంటే గొప్ప పాయింట్ గార్డు ఎవరు? ఈ పూట ఆ వాదంలో నేనూ పాలుపంచుకుంటాను. రెండు పక్షాల మాటా మీ ముందు పెట్టి, చివర నా తీర్పు చెబుతాను.

నిజానికి ఇలాంటి వాదాలు చాలా జట్ల విషయంలో ఇట్టే తేలిపోతాయి. లాస్ ఏంజెలెస్ లేకర్స్‌నే తీసుకోండి. మ్యాజిక్ జాన్సన్ పేరు చెప్పగానే అందరూ సరేనంటారు. 5 టైటిళ్లు గెలిచినవాడి ముందు ఇంకెవరు నిలబడతారు? ఫీనిక్స్‌లో ఆ వీలు లేదు. సన్స్ ఇంతవరకూ ఒక్కసారి కూడా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలవలేదు. ఫైనల్ దాకా వెళ్లింది మూడుసార్లే: 1976లో, 1993లో, 2021లో. మూడుసార్లూ 4-2 తేడాతో ఓడిపోయింది. అసలు ఆ జట్టు దురదృష్టం 1969లోనే మొదలైంది. ఆ ఏడాది కాలేజీ ఆటగాళ్లలో మొట్టమొదట ఎవరిని తీసుకోవాలన్న హక్కు కోసం సన్స్‌కూ మిల్వాకీ బక్స్‌కూ మధ్య నాణెం ఎగరేశారు. సన్స్ బొమ్మ అంది. బొరుసు పడింది. మిల్వాకీకి దక్కిన ఆ కుర్రాడే తర్వాతి కాలంలో కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచానికి తెలిసిన మహా ఆటగాడు. 52 ఏళ్ల తర్వాత, 2021 ఫైనల్లో సన్స్‌ను ఓడించింది కూడా ఆ మిల్వాకీయే.

ఈ వాదం నాకు ఇష్టం కావడానికి కారణం అదే. ఇక్కడ ఛాంపియన్‌షిప్ ఉంగరాలు లెక్కపెట్టి పని ముగించుకోవడానికి లేదు. ఎవరు గొప్పో చెప్పాలంటే ఆట చూడాలి. ఎవరు బంతి పట్టుకుంటే మిగతా నలుగురి ఆట ఎలా మారిందో చూడాలి.

బాస్కెట్‌బాల్‌తో అంతగా పరిచయం లేని శ్రోతల కోసం పాయింట్ గార్డు పని ఏమిటో చెబుతాను. కోర్టులో జట్టుకు అయిదుగురు ఉంటారు. బంతి చేతికొచ్చాక 24 సెకన్లలోపు బాస్కెట్ వైపు వేయాలి. ఆ 24 సెకన్లలో బంతిని ముందుకు తెచ్చేది, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించేది పాయింట్ గార్డు. పెళ్లి భోజనాల్లో చేయి తిరిగిన వడ్డనకారుణ్ణి చూసే ఉంటారు. ఏ విస్తట్లో ఏది అయిపోవస్తోందో అడక్కముందే కనిపెడతాడు. ఎవరికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకుంటాడు. పాయింట్ గార్డు చేసేదీ అదే. అతను ఇచ్చిన పాస్‌తో తోటి ఆటగాడు వెంటనే బంతిని బాస్కెట్‌లో వేస్తే, పాస్ ఇచ్చినవాడి ఖాతాలో ఒక ‘అసిస్ట్’ పడుతుంది. ఈ వాదంలో ఆ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

సన్స్ తరఫున ఈ స్థానంలో ఆడినవాళ్లలో నలుగురి పేర్లు ప్రధానంగా వినిపిస్తాయి. కెవిన్ జాన్సన్, జేసన్ కిడ్, స్టీవ్ నాష్, క్రిస్ పాల్. ఈ నలుగురి ఆటనూ రేడియోలో వినిపించిన గొంతు ఒక్కటే. ఆల్ మెకాయ్ గారిది. 1972 నుంచి 2023 దాకా 51 సీజన్ల పాటు ఆయన సన్స్ మ్యాచ్‌లకు వ్యాఖ్యానం చెప్పారు. దూరం నుంచి వేసిన మూడు పాయింట్ల బంతి బాస్కెట్‌లో పడితే ‘షజామ్’ అని అరిచేవారు. ఆయన గొంతు వింటూ ఆట నేర్చుకున్న తరాలు ఆ నగరంలో ఉన్నాయి. 2024లో ఆయన కన్నుమూశారు. రేడియోలో కూర్చుని ఆ జట్టు గురించి మాట్లాడుతూ ఆయన్ను తలుచుకోకపోతే ఈ మాటలు నిండవు.

ఇంకో విశేషం వినండి. ఈ నలుగురిలో ముగ్గురు ఒకప్పుడు ఒకే జట్టులో ఉన్నారు. 1996లో కెవిన్ జాన్సన్ సన్స్‌లో సీనియర్. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, 15వ వాడిగా స్టీవ్ నాష్ అనే కెనడా కుర్రాడిని తీసుకున్నారు. అతని పేరు ప్రకటించగానే ఫీనిక్స్ అభిమానులు గోల చేశారు, మాకొద్దన్నారు. ఆ డిసెంబరులోనే డల్లాస్ నుంచి జేసన్ కిడ్‌ను తెచ్చుకున్నారు. అలా రెండు సీజన్ల పాటు ముగ్గురు గొప్ప పాయింట్ గార్డులు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో బట్టలు మార్చుకున్నారు. వాళ్లలో చిన్నవాడికి ఎక్కువగా దక్కింది బెంచీ మీద చోటే. 1998లో అతన్ని డల్లాస్‌కు ఇచ్చేశారు.

ఇక ఒక్కొక్కరి సంగతీ చూద్దాం. ముందు కెవిన్ జాన్సన్.

1987-88 సీజన్లో సన్స్ పరిస్థితి దయనీయం. 82 మ్యాచ్‌ల్లో 28 గెలిచి 54 ఓడింది. 1988 ఫిబ్రవరిలో యాజమాన్యం సాహసం చేసింది. అభిమానులు కళ్లలో పెట్టుకున్న లారీ నాన్స్‌ను క్లీవ్‌లాండ్‌కు ఇచ్చి, అక్కడ బెంచీ మీద కూర్చుంటున్న 21 ఏళ్ల జాన్సన్‌ను, మరికొందరిని తెచ్చుకుంది. మరుసటి సీజన్లో సన్స్ 55 మ్యాచ్‌లు గెలిచింది. జాన్సన్ మ్యాచ్‌కు సగటున 20.4 పాయింట్లు వేసి 12.2 అసిస్టులు ఇచ్చాడు. మ్యాచ్‌కు 20 పాయింట్లు, 10 అసిస్టులు అన్న గీత దాటడం ఒక్క సీజన్లో సాధ్యమైతేనే గొప్ప. అతను దాన్ని వరుసగా మూడు సీజన్లు దాటాడు. చార్ల్స్ బార్క్లీ అనే పెద్ద స్టార్ రాకముందే సన్స్ వరుసగా నాలుగేళ్లు 50కి పైగా మ్యాచ్‌లు గెలిచింది. 1990 ప్లేఆఫ్స్‌లో, అంటే టైటిల్ కోసం సీజన్ చివర జరిగే సిరీస్‌లలో, మ్యాజిక్ జాన్సన్ ఉన్న లేకర్స్‌ను 4-1తో ఇంటికి పంపింది.

అతని ఆటలో అందరూ మొదట చెప్పేది వేగం. ఎదురుగా ఉన్నవాడిని ఎడమవైపుకు నమ్మించి కుడివైపుకు దూసుకుపోతే, మొదటి అడుగులోనే ఆ మనిషి వెనకబడిపోయేవాడు. ఆ వేగంలో ఉన్నట్టుండి ఆగి, ఫ్రీ త్రో గీత దగ్గర గాల్లోకి లేచి బంతి వేసేవాడు. అతని ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. 1994 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్‌తో ఆడుతున్నప్పుడు, ఏడడుగుల హకీమ్ ఒలాజువాన్ బాస్కెట్‌కు అడ్డంగా నిలబడి ఉండగా, బాస్కెట్ వెనకున్న బేస్‌లైన్ గీత పక్కనుంచి దూసుకొచ్చి అతని మీదుగా బంతిని ఒంటిచేత్తో దంచాడు. ఆ కాలంలో బాస్కెట్ దగ్గర ఒలాజువాన్‌కు మించిన కాపలాదారు లేడు. సన్స్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోయే దృశ్యం అది.

అయితే జాన్సన్ అంటే ఏమిటో తెలియాలంటే 1993 ఫైనల్లో మూడో మ్యాచ్ చూడాలి. ప్రత్యర్థి మైకేల్ జోర్డన్ ఉన్న షికాగో బుల్స్. సొంతగడ్డ మీద మొదటి రెండు మ్యాచ్‌లూ సన్స్ ఓడిపోయింది. ఆ రెండింట్లో జాన్సన్ ఆట తేలిపోయింది, సొంత అభిమానులే ఎగతాళి చేశారు. మూడో మ్యాచ్ షికాగోలో. 48 నిమిషాల్లో తేలాల్సిన ఆట మూడు ఓవర్‌టైమ్‌లు సాగి 63 నిమిషాలైంది. అందులో జాన్సన్ 62 నిమిషాలు కోర్టులోనే ఉన్నాడు. ఫైనల్స్‌లో అది రికార్డు. పైగా తనకంటే అయిదంగుళాలు పొడవైన జోర్డన్‌ను చాలాసేపు కాపు కాసింది కూడా అతనే. జోర్డన్ 44 పాయింట్లు వేశాడు కానీ, వాటికోసం 43 షాట్లు వేయాల్సి వచ్చింది. సన్స్ 129-121తో గెలిచింది. ఎగతాళి చేసినవాళ్లకు జవాబు ఎలా చెప్పాలో ఆ రాత్రి జాన్సన్ చూపించాడు.

ఆ ఫైనల్ ఆరో మ్యాచ్‌తో ముగిసింది. షికాగో ఒక్క పాయింట్ ఆధిక్యంలో ఉండగా, చివరి క్షణాల్లో జాన్సన్ ఎత్తిన బంతిని హోరేస్ గ్రాంట్ చేత్తో అడ్డుకున్నాడు. 99-98. రెండేళ్ల తర్వాత, 1995లో హ్యూస్టన్‌తో ఏడో మ్యాచ్. జాన్సన్ 46 పాయింట్లు వేశాడు. ఫౌల్ జరిగినప్పుడు అడ్డు లేకుండా వేసే ఫ్రీ త్రోలు 22లో 21 వేశాడు. సన్స్ 115-114తో ఓడింది. ఆ స్కోరు చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

గాయాలు అతన్ని వదల్లేదు. తొడ కండరాలు పట్టేసి ఎన్నో మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అయినా 2000లో కిడ్ చీలమండ విరిగినప్పుడు, అప్పటికే రిటైరైన జాన్సన్ జట్టు కోసం తిరిగొచ్చి ఆడాడు. తర్వాత తన సొంత ఊరు శాక్రమెంటోకు రెండు విడతలు మేయర్‌గా పనిచేశాడు.

ఇప్పుడు జేసన్ కిడ్. కోర్టు మొత్తాన్ని ఒక్క చూపులో చదవగలిగినవాడు. గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని తానే పట్టి, ప్రత్యర్థులు వెనక్కి తిరిగేలోపే ముందున్నవాడికి బంతి అందించేవాడు. 1999, 2000, 2001 మూడేళ్లూ అసిస్టుల్లో లీగ్ మొత్తానికీ మొదటివాడు. ఆ మూడేళ్లూ లీగ్‌లో అత్యుత్తములుగా ఎంచే ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టులో అతని పేరుంది. డిఫెన్స్ విషయంలో మన నలుగురిలో ముందు నిలిచేది అతనే అనుకుంటాను. కానీ ఫీనిక్స్‌లో అతని కాలం అర్ధాంతరంగా ముగిసింది. అతనున్నన్నాళ్లూ సన్స్ ప్లేఆఫ్స్ మొదటి రౌండు దాటింది ఒక్కసారే, 2000లో. 2001లో అతన్ని న్యూజెర్సీకి ఇచ్చి స్టెఫాన్ మార్బరీని తెచ్చుకున్నారు. కిడ్ వెంటనే న్యూజెర్సీని వరుసగా రెండేళ్లు ఫైనల్‌కు చేర్చాడు. అతని అసలు వైభవం వేరే ఊళ్లవాళ్లు చూశారు.

క్రిస్ పాల్ కథ దీనికి తలకిందులు. ఫీనిక్స్‌కు వచ్చేటప్పటికి అతనికి 35 ఏళ్లు. అప్పటికి సన్స్ పదేళ్లుగా ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. డెవిన్ బుకర్ లాంటి కుర్రాళ్లున్నారు కానీ, గెలవడం ఎలాగో నేర్పేవాడు లేడు. పాల్ వచ్చిన మొదటి ఏడాదే జట్టు ఫైనల్ చేరింది. 2021 జూన్ 30న క్లిప్పర్స్‌తో ఆరో మ్యాచ్‌లో 41 పాయింట్లు వేసి, తన 16వ సీజన్లో తొలిసారి ఫైనల్లో అడుగుపెట్టాడు. మరుసటి ఏడాది సన్స్ 64 మ్యాచ్‌లు గెలిచింది. జట్టు చరిత్రలో అదే అత్యధికం. అదే ఏడాది న్యూ ఓర్లియన్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో 14 షాట్లు వేస్తే 14 బాస్కెట్‌లో పడ్డాయి. ఇంతా చేసి అతను ఫీనిక్స్‌లో ఉన్నది మూడు సీజన్లే. జట్టు చరిత్రలో అత్యుత్తముడు అనిపించుకోవడానికి మూడేళ్లు చాలవని నా అభిప్రాయం.

కాబట్టి పోటీ ఇద్దరి మధ్యకు వస్తుంది. జాన్సన్‌కు ఎదురు నిలిచేది స్టీవ్ నాష్.

నాష్ దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో పుట్టి, కెనడాలోని విక్టోరియాలో పెరిగాడు. తండ్రి ఫుట్‌బాల్ ఆటగాడు. నాష్ కూడా చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడాడు. బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇస్తామన్న అమెరికా యూనివర్సిటీ ఒక్కటే, శాంటా క్లారా. అక్కడ చేతివాటం పదును పెట్టుకోవడానికి టెన్నిస్ బంతిని డ్రిబుల్ చేసుకుంటూ క్యాంపస్ అంతా తిరిగేవాడు. డల్లాస్‌లో ఆరేళ్లు ఆడాక, 2004లో 30 ఏళ్ల వయసులో ఫీనిక్స్‌కు తిరిగొచ్చాడు. వెన్నునొప్పి ఉన్నవాడికి ఆ వయసులో అంత దీర్ఘ ఒప్పందమా అని చాలామంది నొసలు చిట్లించారు. ఆ వెన్ను నిజంగానే బాధపెట్టేది. మ్యాచ్ మధ్యలో విశ్రాంతి దొరికితే బెంచీ మీద కూర్చోకుండా కోర్టు పక్కన నేల మీద వెల్లకిలా పడుకునేవాడు. మళ్లీ పిలుపు రాగానే లేచి పరుగెత్తేవాడు.

2003-04లో సన్స్ 29 మ్యాచ్‌లు గెలిచింది. నాష్ వచ్చిన 2004-05లో 62 గెలిచింది. కోచ్ మైక్ డాంటోనీ చెప్పింది ఒకటే: బంతి దొరికిన ఏడు సెకన్లలోపే షాట్ వేయండి, ప్రత్యర్థి సర్దుకునేదాకా ఆగొద్దు. ఆ ఏడాది లీగ్‌లో జట్ల సగటు స్కోరు 97 దగ్గర ఉంటే సన్స్ సగటు 110 దాటింది. నాష్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. ఆ అవార్డు మరుసటి ఏడాదీ అతనిదే.

ఇక్కడ కాస్త ఆగి, అతను ఆడే తీరు దగ్గరగా చూద్దాం. తోటి ఆటగాడు అమారే స్టాడమైర్ ముందుకొచ్చి నాష్‌ను కాపు కాస్తున్నవాడికి అడ్డంగా నిలబడతాడు. నాష్ ఆ అడ్డు పక్కనుంచి రాసుకుంటూ వెళ్తాడు. ఇప్పుడు ఇద్దరు డిఫెండర్లూ నాష్ మీదికే వస్తారు. ఆ క్షణంలో స్టాడమైర్ బాస్కెట్ వైపు తిరిగి పరుగందుకుంటాడు. నాష్ బంతిని నేలకు కొట్టి ఆ ఇద్దరి కాళ్ల మధ్య సందులోంచి పంపుతాడు. బంతి సరిగ్గా స్టాడమైర్ చేతుల్లోకి లేస్తుంది. దీన్నే పిక్ అండ్ రోల్ అంటారు. అందరూ ఆడేదే. నాష్ ప్రత్యేకత ఏమిటంటే, ఆ దారి మూసుకుపోతే అతను ఆగడు. డ్రిబుల్ ఆపకుండా బాస్కెట్ కిందనుంచి బేస్‌లైన్ వెంట అటువైపుకు వెళ్లిపోతాడు. ఒంటరిగా మూలన నిలబడ్డవాడెవడో కనిపించేదాకా బంతిని బతికించే ఉంచుతాడు. చూస్తున్న మనకు ఇక అయిపోయిందనిపించిన చోట అతనికి ఇంకో దారి కనబడుతుంది.

బంతి తానే వేయాల్సి వచ్చినా గురి తప్పేవాడు కాదు. ఫ్రీ త్రోకు ముందు బంతి చేతికి రాకముందే ఖాళీ చేతులతో వేసినట్టు అభినయించేవాడు. తర్వాత అదే కదలికతో బంతి వేసేవాడు. కెరీర్ మొత్తంలో నూటికి 90కి పైగా ఫ్రీ త్రోలు వేశాడు. మొత్తం షాట్లలో 50 శాతం, మూడు పాయింట్ల షాట్లలో 40 శాతం, ఫ్రీ త్రోల్లో 90 శాతం, ఈ మూడూ ఒకే సీజన్లో దాటడం మహా కష్టం. సన్స్ జెర్సీలో నాష్ నాలుగు సీజన్లలో దాటాడు. జట్టు చరిత్రలో అసిస్టుల్లో మొదటి స్థానం అతనిదే, 6,997. రెండో స్థానంలో జాన్సన్, 6,518.

ఇప్పుడు ఎదుటి పక్షం మాట వినాలి. వాళ్లు మూడు మాటలంటారు.

మొదటిది: జాన్సన్ జట్టును ఫైనల్‌కు చేర్చాడు, నాష్ చేర్చలేదు. నిజమే. 2005, 2006, 2010 మూడుసార్లూ నాష్ ఒక మెట్టు కింద ఆగిపోయాడు. కానీ 1993లో జాన్సన్ పక్కన బార్క్లీ ఉన్నాడు, ఆ ఏడాది లీగ్ అత్యంత విలువైన ఆటగాడు. జాన్సన్ ఆ సీజన్లో గాయాలతో చాలా మ్యాచ్‌లు ఆడనే లేదు. నాష్ సంగతికొస్తే 2007 చూడండి. శాన్ ఆంటోనియోతో నాలుగో మ్యాచ్ ముగుస్తుండగా రాబర్ట్ హోరీ నాష్‌ను తోసేస్తే వెళ్లి స్కోరర్ల బల్లకు కొట్టుకున్నాడు. అది చూసి బెంచీ వదిలి ముందుకొచ్చారని సన్స్ ఆటగాళ్లు స్టాడమైర్‌నూ బోరిస్ డియావ్‌నూ ఒక మ్యాచ్ ఆడకుండా నిషేధించారు. ఆ అయిదో మ్యాచ్ సన్స్ 3 పాయింట్ల తేడాతో ఓడింది, తర్వాత సిరీస్ కూడా పోయింది.

రెండోది: కాలం తేడా. 2004-05 నుంచి బయట ఆడేవాళ్ల మీద చేయి వేసి ఆపడాన్ని రిఫరీలు గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టారు. నాష్‌కు అది కలిసొచ్చింది. జాన్సన్ మాత్రం ఒంటి మీద చేతులు వేస్తున్నా తప్పించుకుంటూ ఆడాడు. ఈ మాటలో బలముంది, నేను ఒప్పుకుంటాను. అయితే ఆ నిబంధన లీగ్‌లో ప్రతి పాయింట్ గార్డుకూ వర్తించింది. దాన్ని పట్టుకుని ఆటనే మార్చినవాడు నాష్.

మూడోది: డిఫెన్స్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. నాష్ డిఫెన్స్ బలహీనం, జాన్సన్‌ది మెరుగు. జోర్డన్‌ను కాపు కాయమని నాష్‌ను ఏ కోచూ అడిగేవాడు కాదు.

మరి ఇవన్నీ తెలిసీ నేను ఎటు మొగ్గుతున్నాను? మొదట్లో ఒక కొలత చెప్పాను: ఎవరు బంతి పట్టుకుంటే మిగతా నలుగురి ఆట ఎలా మారింది? ఆ కొలతకు అసలైన పరీక్ష 2005-06 సీజన్. అంతకుముందు ఏడాది 62 మ్యాచ్‌లు గెలిచిన జట్టు చెదిరిపోయింది. జో జాన్సన్ అట్లాంటాకు వెళ్లిపోయాడు. క్వెంటిన్ రిచర్డ్‌సన్ వెళ్లిపోయాడు. స్టాడమైర్ మోకాలి ఆపరేషన్‌తో 3 మ్యాచ్‌లే ఆడగలిగాడు. ముఖ్యుల్లో మిగిలింది నాష్, షాన్ మారియన్. ఇలాంటి పరిస్థితిలో ఏ జట్టయినా కుప్పకూలాలి. సన్స్ 54 మ్యాచ్‌లు గెలిచింది. మొదటి రౌండులో కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్ చేతిలో 3-1తో వెనకబడి, వరుసగా మూడు గెలిచి పైకొచ్చింది. కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే ఫైనల్‌కు ఒక్క మెట్టు కింది దాకా వెళ్లింది.

ఆ జట్టులోనే బోరిస్ డియావ్ ఉన్నాడు. అట్లాంటాలో మ్యాచ్‌కు 5 పాయింట్లు కూడా వేయలేనివాడు, జో జాన్సన్‌కు బదులుగా వచ్చినవాడు. నాష్ పక్కన ఆ ఏడాది సగటున 13 పాయింట్లు దాటాడు, 6 అసిస్టులు కూడా ఇచ్చాడు. లీగ్‌లో అందరికంటే మెరుగుపడిన ఆటగాడన్న అవార్డు అతనికే దక్కింది. అంటే నాష్ చేతిలోంచి వచ్చిన ఆట డియావ్ చేతిలోకి పాకింది. తానూ పక్కవాళ్లకు బంతి పంచడం మొదలుపెట్టాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మనవాళ్లు ఊరికే అనలేదు. నాష్ ఉన్నంతకాలం ఆ జట్టులో కడపంక్తి అన్నది లేదు.

కెవిన్ జాన్సన్ గొప్పతనాన్ని ఇది తగ్గించదు. 28 గెలుపుల జట్టును 55కు చేర్చడం చిన్న విషయమా? కానీ ఆ 1988 వేసవిలోనే టామ్ చాంబర్స్ లాంటి స్కోరర్ కూడా వచ్చాడు, కాటన్ ఫిట్జ్‌సిమన్స్ లాంటి కోచ్ వచ్చాడు. జాన్సన్ మంచి తోడుతో గొప్పగా ఆడాడు. తోడు చెదిరిపోయినా జట్టును నిలబెట్టి, తోడును మళ్లీ తయారుచేసుకున్నవాడు నాష్. అందుకే నా తీర్పు: సన్స్ చరిత్రలో అత్యుత్తమ పాయింట్ గార్డు స్టీవ్ నాష్. వెంట్రుకవాసి వెనక కెవిన్ జాన్సన్. మూడో స్థానం క్రిస్ పాల్‌కు, నాలుగోది జేసన్ కిడ్‌కు.

తీర్పు చెప్పాక ఒక అన్యాయం గురించి కూడా మాట్లాడాలి. నాష్, కిడ్ ఇద్దరూ 2018లో ఒకేసారి, బాస్కెట్‌బాల్ దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. జాన్సన్‌ను మాత్రం ఇంతవరకూ లోపలికి పిలవలేదు. మూడేళ్లు వరుసగా 20 పాయింట్లు, 10 అసిస్టుల గీత దాటినవాణ్ణి, ఫైనల్లో 62 నిమిషాలు ఆడినవాణ్ణి బయట నిలబెట్టడం సరికాదు. నాష్‌కు ఓటేసినవాడిగా ఈ మాట మరింత గట్టిగా అంటున్నాను. ఉంగరం లేదన్నది కారణమైతే, నాష్‌కూ లేదు.

శ్రోతలారా, గెలిచిన జట్ల చరిత్రను కప్పులే చెప్పేస్తాయి. గెలవని జట్ల చరిత్రను మాత్రం అభిమానులు ఆట చూసి, గుర్తుపెట్టుకుని, వాదించుకుని నిలబెట్టుకోవాలి. ఫీనిక్స్ అభిమానులు ఆ పని చేశారు. మీరు ఏ ఆట చూసినా, ఏ జట్టును అభిమానించినా, ఎవరు గొప్ప అన్న ప్రశ్న వచ్చినప్పుడు అల్మరాలోని కప్పుల దగ్గర ఆగిపోకండి. ఆ ఆటగాడి పక్కన ఆడినవాళ్ల పేర్లు తీయండి. అతను రాకముందు వాళ్లేం చేశారో, వచ్చాక ఏం చేశారో పక్కపక్కన పెట్టి చూడండి. నేను స్టీవ్ నాష్‌ను ఎంచుకున్నది బోరిస్ డియావ్‌ను చూసే.